బూడిద రంగు కింద పచ్చ

రాజ్‌కిశోర్ నగర్, బిలాస్‌పూర్
3 ఆగస్టు 2025

చిన్నాన్నకి మాధవి నమస్కారాలు.

మిషన్ పెట్టుకున్నా నీకు ఏమీ వినపడటం లేదని, ఫోను చెవికి ఆనిస్తే విసుక్కుని చెల్లి చిన్నమ్మి చేతిలో పెట్టేస్తున్నావని తెలిసింది. నలభై ఏళ్లు రైల్వే షెడ్డులో సుత్తి దెబ్బల మధ్య నిలబడ్డ చెవులు, ఇంకేం మిగులుతాయి? అందుకే కలం పట్టాను. నువ్వు పలక మీద దిద్దించిన అక్షరాలే ఇవి. బళ్లో పిల్లలకి హిందీ చెప్పీ చెప్పీ నా తెలుగు తుప్పు పట్టింది, తప్పులుంటే నీ పాఠానిదే పాపం.

ఇక్కడ అందరం కులాసా. మీ అల్లుడికి కోర్బాలో డ్యూటీ, ఆదివారాలు మాత్రం కనపడతారు. ఈసారి వానలు దంచికొట్టాయి.

అసలు సంగతికి వస్తాను. ప్రవీణ్‌కి కరెంటు ప్లాంటులో ఉద్యోగం వచ్చింది కదా, ఇంటికి పాతిక కిలోమీటర్లు. కొత్త బండి కొనిపెడతానంటే వద్దట, తాత స్కూటరే కావాలట! అదే, మన పెరట్లో తార్పాలిన్ కింద ఇన్నేళ్లుగా పడున్న ఇటలీ స్కూటరు. పెరీరా దొర ఓడలో తెప్పించుకుని, ఆస్ట్రేలియా వెళ్లిపోతూ నాన్నకి అమ్మేశాడని నువ్వే కథలు కథలుగా చెప్పేవాడివి. చిన్నప్పుడు నాన్న నన్ను ముందు నిలబెట్టుకుని కాలనీ అంతా తిప్పేవాడు. తరవాత ఏమైందో, ఒక్కసారిగా మానేశాడు. నడిపేవాడూ కాదు, అమ్మేవాడూ కాదు. పోయేముందు కూడా "ఆ బండి ఎవులికీ ఇవ్వకండి" అనే అన్నాడు.

మంగ్లాలో దిలీప్ అని ఒకతను ఉన్నాడు. పాత విదేశీ స్కూటర్లు బాగుచేయడంలో ఈ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడట. ప్రవీణ్ ఫొటో చూపిస్తే మర్నాడే తనంతట తను ఇంటికి వచ్చేశాడు. తార్పాలిన్ తీశాడు. మోకాళ్ల మీద కూర్చుని ముందు మడ్‌గార్డు కింద గోరుతో గీకితే, బూడిద రంగు కింద పచ్చరంగు బయటపడింది. అవును, చిన్నప్పుడు అది పచ్చగానే ఉండేదని నాకప్పుడు గుర్తొచ్చింది. "ఈ బూడిద రంగు ఏ సంవత్సరం వేయించారు దీదీ?" అని రెండుసార్లు అడిగాడు. నీకేమైనా గుర్తుందా?

రోజూ రోడ్డు మీద నడపాలంటే రిజిస్ట్రేషన్ చేయించాలి. పాత కాగితాలు ఎక్కడున్నాయో నీకు తెలిసుంటే రాయి. ఆ బండికి వైద్యుడివి నువ్వే కదా అప్పట్లో.

నీ మాధవి


బొబ్బిలి
11 ఆగస్టు 2025

మాధవీ తల్లికి చిన్నాన్న దీవెనలు.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మొదటి పేజీ చదివి మురిసిపోయి చిన్నమ్మికి కూడా వినిపించాను. రెండో పేజీ నేనొక్కడినే చదువుకున్నాను.

అమ్మా, ఆ బండి జోలికి పోవద్దు. అది అరవై ఏళ్ల ఇనుము. బ్రేకు పట్టదు, ముందు చక్రం ఎడమకి లాగుతుంది. ప్లాంటు రోడ్డు మీద బొగ్గు లారీలు ఎలా తిరుగుతాయో నాకు తెలీదా? ఒక్కగానొక్క కొడుకుని దాని మీద పంపుతానంటావా? కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. మీ నాన్న ఎవరికీ ఇవ్వొద్దన్నాడంటే ఊరికే అనలేదు. వాడికి బస్సు చాలు, లేదంటే కొత్త బండి కొను.

పాత సామాన్లవాడిని పిలిచి ఇచ్చెయ్. కాని నిలువుగా ఇవ్వకు. గ్యాస్ కట్టింగు వాడిని పిలిచి, దగ్గరుండి ముక్కలు చేయించి ఇవ్వు. ముఖ్యంగా కింది చట్రం.

రంగు సంగతి అడిగావు. ఎండకి పాడైందని వేయించాం. ఏ సంవత్సరమో ఎవరికి గుర్తుంటుంది? కాగితాలు అప్పుడే పోయాయి.

ఆ దిలీప్ ఎవరి కొడుకు? వయసెంత ఉంటుంది? మంగ్లాలో వాళ్లు పాతకాపులా, మధ్యలో వచ్చినవాళ్లా? తండ్రి ఏం చేసేవాడు? కనుక్కుని రాయి. ఊరికే అడుగుతున్నాను.

మోకాళ్ల నొప్పులు తప్ప నేను బాగానే ఉన్నాను. చిన్నమ్మి జంతికలు పంపిస్తానంటోంది.

చిన్నాన్న


రాజ్‌కిశోర్ నగర్
20 ఆగస్టు 2025

చిన్నాన్నకి,

జంతికలు రాలేదు గాని నీ భయం మాత్రం స్పీడ్‌పోస్టులో వచ్చేసింది! నీ ఉత్తరం హిందీలో చెబితే ప్రవీణ్ పడిపడి నవ్వాడు. బ్రేకు కొత్తది వేశారు, చక్రం సరిచేశారు. వారం రోజులుగా బండి గుర్రంలా నిలబడి ఉంది. ముక్కలు చేయించమంటావేటి? అది నాన్న బండి. నాన్నవి ఇంట్లో ఇంకేం మిగిలాయి చెప్పు, ఒక గడియారం, ఒక రైలు డ్రైవరు టోపీ, ఆ బండి.

కాగితాలు పోయాయన్నావు కదా, పోలేదు. నాన్న ఇనప పెట్టె అడుగున, యూనిఫారాల కింద, నాఫ్తలీన్ ఉండలు వేసి దాచిన కవరులో దొరికాయి. 1962లో బొంబాయి రేవులో పెరీరా దొర పేరు మీద సుంకం కట్టిన కాగితం, తరవాత నాన్న పేరుకి మార్చిన మధ్యప్రదేశ్ కాలం నాటి రిజిస్ట్రేషన్ పుస్తకం. పెళ్లి శుభలేఖలా పసుపు దారం చుట్టి మరీ పెట్టాడు. నా డిగ్రీ సర్టిఫికెట్లు కూడా ఇంత భద్రంగా దాచలేదు ఆ మహానుభావుడు.

చిక్కల్లా ఏమిటంటే, కాగితంలో ఉన్న చాసిస్ నంబరు, బండి మీదున్న నంబరు కలవడం లేదు. ఒక అంకె కాదు, మొత్తం వేరు. దరఖాస్తుకి నంబరు మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి జత చేయాలి. అలాంటి అచ్చు ఒకటి నీకూ పంపుతున్నాను. చివరి అంకె తరవాత రెండు చుక్కలు, వాటి మధ్య ఒక గీత ఉన్నాయి చూడు. అదేమిటో నీకు తెలుసా? ఇటలీ కంపెనీ వాళ్లు అలాంటిది కొట్టరని దిలీప్ అంటున్నాడు. ఆ అచ్చు అతను తన కోసం కూడా ఒకటి తీసుకున్నాడు.

దిలీప్ గురించి అడిగావు. నలభై ఆరో ఏడో ఉంటాయి. తాతల నాటి నుంచీ మంగ్లా వాళ్లే, అది పల్లెగా ఉన్నప్పటి నుంచీ. తండ్రి సైకిలు మీద పాలు పోసేవాడట. ఇతనికి ఏడేళ్లప్పుడే పోయాడట. ఎలా పోయాడని అడిగితే "రోడ్డు మీద, దీదీ" అన్నాడు. వెంటనే పానా అందుకున్నాడు. మనిషి మాత్రం బంగారం. ఇంత శ్రద్ధగా పని చేసేవాణ్ణి నేను చూడలేదు. ముందు మడ్‌గార్డుకి లోపలి వైపు ఒక నొక్కు ఉందట, సుత్తితో సరిచేసెయ్ అంటే, "అది అలాగే ఉండనివ్వండి" అన్నాడు.

నంబరు ఎందుకు మారిందో రాయి. రవాణా ఆఫీసు వాళ్లకి జవాబు చెప్పుకోవాలి.

మాధవి


బొబ్బిలి
28 ఆగస్టు 2025

అమ్మా మాధవీ,

నీ కవరు అందింది. పెన్సిలు అచ్చు చూశాను. చూస్తుండగానే పొయ్యి పక్కన జారి కాలిపోయింది.

నంబరు విషయం గుర్తొచ్చింది. ఒకసారి బండి కల్వర్టుకి గుద్దుకుని చట్రం విరిగింది. అప్పుడు తుక్కులో దొరికిన వేరే స్కూటరు చట్రం తెచ్చి వేశాను. అందుకే నంబరు వేరు. ఆ చుక్కలూ గీతా తుక్కులో ఎవడో కొట్టి ఉంటాడు. నాకేం తెలుసు?

ఇలా రెండు నంబర్లున్న బండికి రిజిస్ట్రేషన్ కాదు. పైగా దొంగ బండి అని మీ మీదే అనుమానపడతారు. నువ్వు ప్రభుత్వ బడిలో టీచరువి, మీ ఆయనదీ సర్కారు ఉద్యోగం, మర్యాదగా బతికేవాళ్లు. దరఖాస్తు వెనక్కి తీసుకో.

నీకు ముక్కలు చేయించడానికి మనసొప్పకపోతే, ఒక పని చెయ్యి. బండిని రైలు పార్శిల్లో బొబ్బిలికి బుక్ చేసెయ్. నేను చూసుకుంటాను. వెంటనే పంపు, దిలీప్‌కి చెప్పకుండా పంపు. నీ చిన్నాన్న నిన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఈ ఒక్క మాట విను.

అమ్మన్న చిన్నాన్న


రాజ్‌కిశోర్ నగర్
9 సెప్టెంబరు 2025

చిన్నాన్నకి,

కోపం చల్లారాక రాద్దామని వారం ఆగాను. చల్లారలేదు, అందుకని రాసేస్తున్నాను.

ఒక ఉత్తరంలో ముక్కలు చెయ్యమంటావు, ఇంకో ఉత్తరంలో బొబ్బిలికి పంపమంటావు. అచ్ఛా! ఇప్పుడు అర్థమైంది. చిన్నమ్మి కొడుకు కాలేజీకి వచ్చాడు, వాడికి బండి కావాలి. నేరుగా అడిగితే ఇవ్వనంటానా? నాన్న వస్తువు నాన్న మనవడి చేతికి వెళ్తుంటే నీకు కడుపునొప్పి ఎందుకు? నాన్న నిన్ను కొడుకులా చూసుకున్నాడు. షెడ్డులో నీ ఉద్యోగం కోసం ఎంతమంది దగ్గర నిలబడ్డాడో అమ్మ నాకు చెప్పింది.

ఇక ఇక్కడ జరిగింది విను. యాభై ఏళ్లు దాటిన బళ్లకి వేరే రకం నంబరు ప్లేటు ఉందట. అది సులువు. కాని దాంతో ఎగ్జిబిషన్లకీ ర్యాలీలకీ తప్ప రోడ్డెక్కకూడదు. రోజూ డ్యూటీకి వెళ్లాలంటే మామూలు రిజిస్ట్రేషనే కావాలి, తనిఖీ పక్కాగా ఉంటుంది. ప్రవీణ్ విసిగిపోయి మొదటిదానికే సరేనన్నాడు. దిలీప్ ఒప్పుకోలేదు. "రోజూ తిరిగే బండిగానే రాయించండి. ఒక్క కాగితం కూడా తగ్గనివ్వకండి" అని పట్టుబట్టి, మా కంటే ముందు తనే ఆఫీసు గేటు దగ్గర నిలబడేవాడు.

నంబర్లు కలవలేదు కాబట్టి పరీక్షకి పంపారు. చాసిస్ మీద ఏదో మందు పూసి ఆగితే, అరగదీసిన పాత అంకెలు కింద నుంచి మెల్లగా తేలతాయట. తేలాయి చిన్నాన్నా. ప్రవీణ్ కళ్లారా చూశాడు. పెరీరా దొర కాగితంలో ఉన్న నంబరే. అంటే చట్రం మారలేదు. ఎవరో పాతది గీకేసి, దాని మీద వేరేది కొట్టారు. ఆ మాట రిపోర్టులో రాసేశారు. కాగితం సరిగ్గా ఉంది కాబట్టి అసలు నంబరు మీదే రిజిస్ట్రేషన్ అవుతుందట, కాకపోతే కాపీ ఒకటి పోలీసులకి వెళ్తుందట.

ఇంకా ఉంది. దిలీప్ ఆ పెన్సిలు అచ్చు పట్టుకుని, రిటైరైన షెడ్డువాళ్లు కూర్చునే టీ కొట్టుకి వెళ్లాడు. షెడ్డులో ఎవరు పని చేస్తే వాళ్లు పక్కనే తమ గుర్తు కొట్టాలని రూలట, రేపు ఇరుసు విరిగితే ఎవడిని పట్టుకోవాలో తెలియాలి కదా. ఒక ముసలాయన అచ్చు చూడగానే, "ఇది అమ్మన్న గుర్తు" అన్నాడట.

నువ్వు కొట్టావా ఆ నంబరు? ఎందుకు కొట్టావు? నాన్న దొంగ బండి కొన్నాడా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మొదటి ఉత్తరం నుంచీ నువ్వెందుకు ఉలిక్కిపడుతున్నావు?

దిలీప్ నీ అడ్రసు అడిగాడు. ఇచ్చాను. ఎందుకివ్వకూడదు?

మాధవి


బొబ్బిలి
19 సెప్టెంబరు 2025

మాధవీ,

ఈ ఉత్తరం చదివాక కాల్చెయ్. ఆ ఇంట్లో తెలుగు చదివేది నువ్వొక్కర్తివే అనే ధైర్యంతో రాస్తున్నాను.

మీ నాన్న దొంగ బండి కొనలేదు. అన్నయ్యలాంటి మనిషి దొంగతనం చేస్తాడా? జరిగింది వేరు. 1986 మే నెల. మంగ్లా అప్పుడు పల్లె, రోడ్డుకి రెండు పక్కలా పొలాలు. మధ్యాహ్నం రెండున్నర, వడగాలి, రోడ్డు మీద పురుగు లేదు. మీ నాన్న నడుపుతున్నాడు, నేను వెనక కూర్చున్నాను. మలుపులో ఖాళీ పాల డబ్బాలు కట్టుకుని ఒక సైకిలు ఎదురొచ్చింది. తప్పించలేకపోయాం. ఆ మనిషి అక్కడికక్కడే పోయాడు. ఆగినా చేసేదేం లేదు. డ్రైవరు ఉద్యోగం, పిల్లలు, జైలు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. మీ నాన్న ఆపలేదు.

పచ్చరంగు విదేశీ స్కూటరు అని ఎవరో చెప్పారట. మూడో రోజున పోలీసులు రైల్వే కాలనీలోకి వచ్చారు. ఆ రకం బళ్లు ఊరు మొత్తం మీద మూడో నాలుగో ఉండేవి. నేను తుక్కులో పడున్న అలాంటి బండి పుస్తకం ఒకటి సంపాదించి, ఆ నంబరు మన బండి మీద కొట్టాను. బూడిద రంగు వేశాను. పాత బండి ఎప్పుడో అమ్మేశాం, ఇది వేరేది అని చెప్పాం. నమ్మారు.

ఆ నంబరు షెడ్డులోనే, అంకెలు కొట్టే అక్కడి పంచులతోనే కొట్టాను. ఆఖరి అంకె అయ్యాక చెయ్యి ఊరుకోలేదు తల్లీ. పదేళ్లుగా ప్రతి ఇరుసు మీదా కొడుతున్నట్టే, నా గుర్తు కూడా కొట్టేశాను. కొట్టాక చూసుకున్నాను. అప్పటికే షిఫ్టు సైరన్ కూసింది, జనం వచ్చేస్తున్నారు. తరవాత గీకేద్దామనుకున్నాను. మీ నాన్న మళ్లీ నన్ను ఆ బండి దగ్గరకి రానివ్వలేదు.

దిలీప్ తండ్రి పాలవాడు అని నువ్వు రాసినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఇన్నేళ్లుగా అతను పాత విదేశీ స్కూటర్లే ఎందుకు బాగుచేస్తున్నాడో ఆలోచించు. రిజిస్ట్రేషన్ ఆపెయ్. ఏదో ఒక సాకు చెప్పు. పోయినవాడి పరువు నీ చేతిలో ఉంది.

చిన్నాన్న


రాజ్‌కిశోర్ నగర్
4 అక్టోబరు 2025

చిన్నాన్నా,

నీ ఉత్తరం వచ్చిన రోజున దిలీప్ మా ఇంట్లోనే ఉన్నాడు. హాల్లో కూర్చుని టీ తాగుతున్నాడు. పోస్ట్‌మాన్ కవరు ఇస్తే, నువ్వేం రాశావోనన్న ఆత్రంతో అక్కడే నిలబడి చింపి చదివేశాను. నా మొహం ఏమైందో నాకు తెలీదు. అతను మాత్రం గ్లాసు కింద పెట్టాడు. ఉత్తరం చూపించమని అడగలేదు. "మంగ్లా సడక్ అని ఉందా దీదీ, అందులో?" అన్నాడు.

లేదన్నాను. ఇరవై ఏడేళ్లుగా పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెబుతున్నదాన్ని, కళ్లలోకి చూసి లేదన్నాను. "అచ్ఛా" అని లేచి వెళ్లిపోయాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న ఫొటో వైపు చూడలేకపోయాను, గోడకి తిప్పేశాను. అవును, తిప్పేశాను.

రిజిస్ట్రేషన్ ఆపమన్నావు. ఆగే దశ దాటిపోయింది. దసరా నాడు పొద్దున్నే దిలీప్ బండి తీసుకొచ్చాడు. మళ్లీ పచ్చరంగు వేశాడు. కొత్త నంబరు ప్లేటు బిగించి, బంతిపూల దండ వేసి, నిమ్మకాయ తొక్కించి, కొబ్బరికాయ తనే కొట్టాడు. ప్రవీణ్ పిచ్చి సంతోషంతో ఫొటోలు తీసుకుంటున్నాడు. అప్పుడు దిలీప్ చొక్కా జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో గోరంత పచ్చ పెచ్చు. వాళ్ల నాన్న సైకిలు హ్యాండిలుకి అంటుకున్నదట. వాళ్లమ్మ దాచిందట. మడ్‌గార్డు లోపలి నొక్కు దగ్గర తను రంగు వెయ్యకుండా వదిలేసిన చోట ఆనించి చూపించాడు.

"కాగితం లేని బండి మీద కేసు పెడితే ఎవరు తీసుకుంటారు దీదీ? నంబరే అబద్ధం. రోజూ రోడ్డెక్కే బండి అని సర్కారే పరీక్ష చేసి, ఇదీ అసలు నంబరు, ఇదీ దొంగ నంబరు అని రాసివ్వాలి. అందుకే పట్టుబట్టాను" అన్నాడు. గొంతు పెంచలేదు. నిన్న ఆ రిపోర్టూ, పెన్సిలు అచ్చూ, నీ పేరూ జతచేసి ఠాణాలో అర్జీ ఇచ్చాడు. ప్రవీణ్ ఆ బండి తాళంచెవి గూట్లో పడేసి బస్సెక్కి డ్యూటీకి వెళ్తున్నాడు. నాతో కూడా సరిగ్గా మాట్లాడటం లేదు.

వాళ్ల నాన్న పేరు బిసాహు. అక్కడికక్కడే పోలేదు చిన్నాన్నా. మర్నాడు సాయంత్రం దాకా ఆసుపత్రిలో బతికాడు. తెలివిగా మాట్లాడాడు. ఆయన అన్న మాట దిలీప్‌కి వాళ్లమ్మ చెబుతూ వచ్చింది: "వెనక కూర్చున్నవాడు ఆపమని అరిచాడు. ముందున్నవాడు ఆపలేదు."

అది విన్నాక నేను లోపలికి వెళ్లి లెక్క వేసుకున్నాను. 86 మే నెల. నాకు పన్నెండేళ్లు. ఆ సెలవులంతా నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఇంజను మెట్ల మీంచి జారిపడి కుడి కాలికి పిండికట్టు. నా స్నేహితురాళ్లు ముగ్గురు దాని మీద స్కెచ్ పెన్నులతో పేర్లు రాస్తే, నాన్న గర్వంగా వచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు. జూన్‌లో బడి తెరిచాక గాని అది విప్పలేదు.

ఆ స్కూటరుకి కిక్కు కొట్టాలన్నా కుడికాలే, బ్రేకు తొక్కాలన్నా కుడికాలే.

నాన్న ఫొటో మళ్లీ ఇటు తిప్పాను. నువ్వు ఒక్క మాట రాయి. ఆ రోజు బండి ఎవరు నడిపారు?

మాధవి


బొబ్బిలి
12 అక్టోబరు 2025

మాధవీ,

నేనే.

అన్నయ్య పిండికట్టులో నొప్పి తగ్గడం లేదని, మంగ్లా అవతల ఎముకలు సవరించే వైద్యుడు ఒకడున్నాడని, నేనే బలవంతం చేసి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను. ఆ బండి నడపడం నాకప్పుడు సరిగ్గా రాదు. వస్తుందని గొప్పకి పోయాను.

గుద్దాక అన్నయ్య "ఆపరా అమ్మన్నా, ఆపరా" అని నా చొక్కా పట్టుకుని లాగాడు. వీపు మీద బట్ట చిరిగిపోయింది. నేను ఆపలేదు. వెనక్కి తిరిగి చూశాను కూడా. ఆ మనిషి పడిపోయిన చోటి నుంచి చెయ్యెత్తాడు. అక్కడికక్కడే పోయాడని నీకు రాసింది అబద్ధం. బతికే ఉన్నాడని నాకు తెలుసు. ఆసుపత్రికి తీసుకెళ్లే దూరమే అది.

ఇంటికొచ్చాక అన్నయ్య కర్ర పట్టుకుని తిరిగి బయల్దేరాడు. కుంటుకుంటూ గేటు దాకా వెళ్లాడు. మీ పిన్ని కడుపులో అప్పుడు చిన్నమ్మి అయిదో నెల. నేను కాళ్ల మీద పడ్డాను. "నా ఉజ్జోగం పోద్ది అన్నయ్యా, నన్ను జైల్లో ఎట్టేస్తారు, నీ మరదలేటైపోద్ది" అని ఏడిచాను. అన్నయ్య గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ నిలబడటమే నన్ను బతికించింది, ఆయన్ని చంపింది. ఆ తరవాత పాతికేళ్లు బతికాడు గాని, నాతో ఒక్కరోజు మనస్ఫూర్తిగా మాట్లాడలేదు. అందరి ముందూ బాగానే ఉండేవాడు, నీకు తెలియనివ్వలేదు. బండి అమ్ముదాం అంటే అమ్మనివ్వలేదు. కాగితాలు కాల్చెయ్ అంటే కాల్చానన్నాడు. పసుపు దారం చుట్టి దాచాడని నువ్వు రాస్తే తెలిసింది. నన్ను పట్టివ్వలేకపోయాడు, అలాగని వదిలెయ్యనూ లేదు.

అలాంటివాడి మీదకి, చచ్చిపోయి మాట్లాడలేడు కదా అని, నేను చేసింది తోసేశాను. పది రోజుల పాటు నీ చేత నీ తండ్రిని అసహ్యించుకునేలా చేశాను. గుద్దినదానికి భయం అని చెప్పుకోవచ్చు. ఇది మాత్రం అరవై ఎనిమిదేళ్ల వయసులో, కూర్చుని, ఆలోచించి, మంచి దస్తూరీతో రాశాను. నన్ను క్షమించమని అడగను. నీకు క్షమించే గుణం ఉంది, అందుకే అడగను.

నిన్న చిన్నమ్మికి అంతా చెప్పాను. పెన్షన్ పుస్తకం దాని చేతిలో పెట్టాను. అది నా వైపు చూడటం లేదు. ఇల్లంతా తిరుగుతోంది గాని నేనున్న గదిలోకి రావడం లేదు.

దీపావళి మర్నాడు, మంగళవారం, విశాఖ నుంచి కోర్బా వెళ్లే బండికి టికెట్ తీసుకున్నాను. బుధవారం పొద్దున్న బిలాస్‌పూర్‌లో దిగుతాను. ఠాణాలో నా పేరు మాత్రమే రాయించమను. అన్నయ్య పేరు రాయాల్సి వస్తే, ఆపమని అరిచినవాడు అని రాయమను.

స్టేషనుకి ప్రవీణ్‌ని పంపొద్దు. దిలీప్‌ని రమ్మను.

అమ్మన్న